పడని సూది

సూరన్నకి రెండు నెలల కిందట పడాల్సిన హార్మోన్ సూది అసలు పడనే లేదని, ఆస్పత్రి రిజిస్టరు చూసి నర్సు ఆశ చెప్పింది.

చిట్టమ్మ నమ్మలేదు.

"సరీగా సూడమ్మా. ఆయేళ పత్తి నొక్కుకుని ఇంటికొచ్చినాడు. నా కళ్లతో సూసినాను."

"పత్తి ఎవరైనా నొక్కుకుంటారు. ఇక్కడ సంతకం లేదు."

మూడు నెలలకో సూది. వచ్చే సూది తేదీ కనుక్కుందామని వచ్చింది చిట్టమ్మ. ఒక మంచి కబురు కూడా తెచ్చింది. మొగుడికి ఒళ్లంతా సెగలెత్తి చెమటలు కారడం ఈమధ్య తగ్గిపోయింది.

ఆ కబురు విని ఆశ ముఖం మారింది.

"ఆ సెగలు సూది వల్ల వచ్చేవే. తగ్గింది మందు దిగిపోయి. ప్రోస్టేట్ క్యాన్సర్ ఎముకల్లోకి పాకిన మనిషమ్మా. మగ హార్మోన్ని ఆపి ఆ సూదే దాన్ని పట్టి ఉంచుతోంది. ఈరోజు రెండింటిలోపు తీసుకురా. డాక్టర్‌గారికి నేను చెబుతాను."

గోడ మీద టైము పన్నెండున్నర.

చిట్టమ్మ ఆటోలో ఫిషింగ్ హార్బర్‌కి వచ్చి పడింది. మొదట దొరికింది వరహాలు. పాతికేళ్లు సూరన్నతో ఒకే బోటు మీద వేటకి వెళ్లినవాడు. ఆ రోజు తోడు వెళ్లిందీ వాడే.

"ఏరా, మీ బావని ఆయేళ ఏ ఆస్పత్రికి తీసుకెల్లావు? బ్రాందీ కొట్టుకా?"

"అదేటక్కా? గేటు కాడ దింపినాను. లోపలికెల్లి అరగంటకి వచ్చినాడు."

"సూది పడలేదంట."

వరహాలు నోరు తెరిచాడు. చిట్టమ్మ మాట్లాడనివ్వలేదు.

"ఆడపిల్లవైపోతన్నావని నువ్వూ నీ బోటోళ్లూ ఏడిపించారు. అందుకే మానీసినాడు."

"ఒక్కసారి అన్నానక్కా. రొమ్ములు సలుపుతన్నాయంటే జాకెట్టు కుట్టించుకోమన్నాను. ముందు నవ్వింది బావే."

"వచ్చి నీ సంగతి సెప్తాను. ఎక్కడున్నాడు?"

వరహాలు షెడ్డు వైపు చెయ్యి చూపించాడు.

సూరన్న వల ఒళ్లో వేసుకుని చిరుగులు కుడుతున్నాడు. పెళ్లాం నడక చూడగానే చేతులు ఆగిపోయాయి.

"ఏటి, సేపల కోసమొచ్చావా?"

"ఆటో ఆగుంది. లెగు."

"ఈ నాలుగు కన్నాలూ కుట్టీసి..."

"సముద్రంలో పారీ ఆ వలని. లెగు."

లేచాడు. ఆటో కదిలేసరికి ఒంటిగంట దాటింది.

"పత్తి ఎక్కడిది?"

"దెబ్బ తగిలిందని ఓ నర్సమ్మనడిగినాను."

చిట్టమ్మ తిట్టడానికి నోరు తెరిచి, మొగుడి ముఖం చూసి, గొంతు తగ్గించింది.

"ఆ సూది పడితే మనకి కాపరం ఉండదని డాక్టరుబాబు ముందే సెప్పినాడు. నానెప్పుడైనా అడిగానా మావా? దానికి సిగ్గేటి?"

"అది కాదే."

"నొప్పా?"

"కాదు."

"మరి నన్నొదిలేసి పోవాలనుందా?"

ఆటో సిగ్నల్ దగ్గర ఆగింది. సూరన్న రోడ్డుకేసే చూస్తూ చెప్పాడు.

"ఆరేళ్ల కిందట ముట్లుడిగినప్పుడు నీకూ ఇలాగే ఒళ్లు మండిపోయేది సిట్టీ. సేపల గంప దించి గుమ్మంలో కూలబడి, కూసింత విసరమన్నావు. పని తప్పించుకోడానికి ఏసాలేత్తన్నావన్నాను నాను. బోటెక్కి, నా ఇంట్లో ఉన్నది పెళ్లాం కాదు పొయ్యని సెప్పి పదిమందినీ నవ్వించినాను. ఇప్పుడు నాకు సెమట పడితే సాలు, తడిగుడ్డట్టుకుని పరిగెట్టుకొస్తన్నావు. ఆ పాత మాట ఒక్కటీ ఎత్తవు. మంటైతే ఓర్చుకుందును. నువ్వలా ఒళ్లు తుడుస్తా ఉంటే నీ మొకం సూడలేక, నానే మానీసినాను."