చీర మీద మెడల్

మెడల్ మళ్లీ చీర మీదికి పోయింది.

ప్రేమలతకు ఒళ్లు మండింది. సూర్యాపేటలో జరుగుతున్న జిల్లా స్కౌట్స్ అండ్ గైడ్స్ ర్యాలీలో గైడ్స్ బాధ్యత అంతా ఆమెదే. కలెక్టర్ వచ్చే వేళయింది. ఈ పిల్లతో తెల్లారినప్పటి నుంచీ ఇదే గోల.

"నవనీతా! ఇట్ల రా."

గరిడేపల్లి నుంచి వచ్చిన వరుసలోంచి తొమ్మిదో తరగతి పిల్ల ముందుకొచ్చింది. నీలం యూనిఫాం ఇస్త్రీ మడత నలగలేదు. మెడలో స్కార్ఫ్ సరిగ్గా ఉంది. ఎడమ జేబు మీద ఉండాల్సిన సాహస మెడల్ మాత్రం లేదు. అది గ్రౌండ్ అంచున షామియానా కింద నిలబడ్డ వాళ్లమ్మ సాయమ్మ చీర మీద మెరుస్తోంది.

"ఇందాక నా చేత్తో పెట్టిన గదా. మళ్ల ఎందుకు తీసినవ్?"

"నేను పెట్టుకోను మేడం."

"పెట్టుకోవా? మరెందుకు ఇచ్చిన్రు నీకు? బీరువల దాచిపెట్టనీకా?"

కేక విని సాయమ్మే గాబరాగా పరుగెత్తుకొచ్చింది. గొర్రెల మందను ఆడబిడ్డకు అప్పజెప్పి, మొదటి బస్సుకే బయల్దేరి వచ్చిన మనిషి. కొంగు జారిపోతుంటే పిన్ను తీస్తూ, "తప్పయింది మేడం. నేనొద్దొద్దంటనే ఉన్న. ఇది ఇంటలేదు" అంది.

"నువ్వన్న చెప్పాలె గదమ్మా. మెడల్ అంటే నగ కాదు, బిడ్డది తల్లి, తల్లిది బిడ్డ మార్చుకొని పెట్టుకోనీకి. ఎవరు సంపాదిస్తే వాళ్లే పెట్టుకోవాలె. అది గూడ యూనిఫాం మీదనే."

"అట్లనే మేడం, అట్లనే" అంటూ సాయమ్మ కూతురి చొక్కాకు మెడల్ గుచ్చింది. వంకరగా పడింది. ప్రేమలత విసుగ్గా దాన్ని పీకి, జేబు కుట్టుకు వేలెడు పైన తిన్నగా పెట్టి, రిబ్బన్ మడత సరిచేసింది.

"సూడు నవనీతా. పొద్దున వేరే స్కూలు పిల్ల ఒకతె పరుగు పందెంల గెలిచిన మెడళ్లన్నీ మెడల ఏసుకొని వస్తే నేనే తీయించిన. ఏడ్సుకుంట తీసి బ్యాగుల పెట్టుకున్నది. ఆ పిల్లకొక రూలు, నీకొక రూలు ఉంటదా?"

నవనీత తల దించుకుని బూట్ల వైపు చూస్తూ నిలబడింది.

ఇంతలో కోదాడ గైడ్ కెప్టెన్ విజయ వచ్చింది. "ప్రేమలత గారూ, మా పిల్లలు ఇందాకట్నుంచీ ఎండలో నిలబడే ఉన్నారండి. ఒక్క మెడల్ దగ్గర ఎంతసేపండీ?"

"అయిపోయింది మేడం, ఇగ పోదాం" అంది ప్రేమలత పళ్లు బిగించి.

ఆ మెడల్ ఊరికే రాలేదు. సాగర్ ఎడమ కాలువలో కొట్టుకుపోతున్న పసివాణ్ని ఒక గైడ్ కాపాడిందని పేపర్లో వచ్చింది. ఫొటోలో నవనీత యూనిఫాంలో కాలువ గట్టు మీద కూర్చుని ఉంది. ఒళ్లో తడిసిన పిల్లవాడు. ఆ రోజే ప్రేమలత సిఫారసు రాసింది. సెలవులు పెట్టుకుని హైదరాబాద్ ఆఫీసుల చుట్టూ తిరిగింది. జిల్లాలో ఏ గైడ్‌కూ ఇంతవరకు రాని మెడల్ అది. ఇవాళ కలెక్టర్ పనిగట్టుకుని వస్తున్నది కూడా ఈ పిల్లను చూడటానికే.

ప్రేమలత జెండా తాడు సరిచూసి వెనక్కి తిరిగేసరికి వరుసలో ఒక చోటు ఖాళీగా కనబడింది.

నవనీత షామియానా కింద ఉంది. ఒక చేత్తో తల్లి చెయ్యి గట్టిగా పట్టుకుని, ఇంకో చేత్తో మెడల్‌ను ఆమె చీరకు గుచ్చుతోంది. సాయమ్మ విడిపించుకోబోతోంది. ఆమె కళ్లలో నీళ్లు తిరుగుతున్నాయి.

ప్రేమలత ఓపిక ఖతమైంది. గబగబా అక్కడికి పోయి మెడల్ లాక్కుంది.

"అమ్మ మీద అంత ప్రేమ ఉంటే ఇంటికాడ కాళ్లు మొక్కు! గిది ర్యాలీ. ఆఖరుసారి అడుగుతున్న. ఇది పెట్టుకొని వరుసల నిలబడుతవా, పేరు తీసెయ్యాల్నా?"

"తీసెయ్యిన్రి మేడం."

"నోరు మూస్కోవే!" సాయమ్మ కూతురి భుజం పట్టి ఊపింది. "జరసేపు పెట్టుకుంటే నీదేం బోతది? మేడం మనకోసం ఎంత తిరిగింది! ఆమె పరువు తీస్తవా?"

"నీకు దండం పెడ్త అమ్మా, నన్ను బలవంతం చెయ్యకు."

గేటు దగ్గర కారు ఆగింది. బ్యాండు మొదలైంది. విజయ దూరం నుంచి చేతులు ఊపుతోంది. కోపం పోయి ప్రేమలతకు ఏడుపొక్కటే తక్కువయింది. వంగి, ఆ పిల్ల గడ్డం పట్టుకుని మొహం పైకెత్తింది.

"అసలు నీ పరేషానేంది బిడ్డా? ఆ రోజు అంత పెద్ద కాలువల దుంకినప్పుడు లేని భయం, గింత మెడల్ పెట్టుకోనీకి ఎందుకు?"

నవనీత ఒకసారి తల్లి వైపు చూసింది. సాయమ్మ వద్దన్నట్టు తల అడ్డంగా ఊపింది.

"దుంకింది మా అమ్మ, మేడం. నేను గట్టు మీద నిలబడి ఏడ్సిన, గంతే."