పక్క బ్రౌజరులో చీటీ

ఇట్లా దగ్గరికి జరుగమ్మా, గట్టిగా చెప్పే మాట కాదిది. పుంగనూరులో నెట్ సెంటరు నడిపే గోవిందప్ప కూతురు హేమలత జ్వరంతో పోయి, ఈ సంగతి జరిగేనాటికి ఏడాది. పోకముందు ఆ పిల్ల, తండ్రి వాడే నక్కబొమ్మ బ్రౌజరుకు, అదే నెట్ చూసే ఫైర్‌ఫాక్స్‌కు, ఎక్స్‌టెన్షన్ అనే చిన్న అదనపు ప్రోగ్రాము తగిలించింది. బ్రౌజరు తెరిస్తే చాలు, మూలన పసుపు చీటీ కనబడేది: "నాయనా, బువ్వ తిన్నావా?" బిడ్డ మాటల్లో ఆయనకు మిగిలింది అదొక్కటే.

ఒక సాయంత్రం మెకానిక్ లక్ష్మీపతి వచ్చి, "ఏందన్నా, తాతలనాటి బ్రౌజరు పెట్టుకోని ఉండావు? కొత్తది ఎక్కించినాను," అన్నాడు.

"పాప చీటీ యాడరా?"

"పాత ఎక్స్‌టెన్షన్లు కొత్తదాంట్లో పనిచెయ్యవన్నా. ఇదే కంప్యూటర్లో ఇంగో బ్రౌజరు ఉండాది గదా, ఆ పక్క బ్రౌజరుకు తగిలిద్దామన్నా అతకదు. దేనిది దానికే."

లక్ష్మీపతి వెళ్లిపోయాడు. రోడ్డు మీద ఆఖరి బస్సు చప్పుడు కూడా అణిగిపోయింది. గోవిందప్ప షట్టరు సగం దించి, ఏమీ తోచక, ఎన్నడూ ముట్టని ఆ పక్క బ్రౌజరు తెరిచాడు.

మూలన పసుపు చీటీ ఉంది. అందులో మాట మాత్రం వేరే.

"నాయనా, ఈడ గూడా నన్ను ఉండనీరంట."

తెల్లవారి జనం వచ్చేదాకా ఆయన దాన్ని మూయలేదు.

ఆ పిల్ల పేరు హేమలత, తల్లీ. నువ్వైనా ఆమెను మనసులో ఉండనిచ్చి, ఇంకొకరికి చెప్పు.