ఇంటిపేరు అడిగిన మనిషి

దీపిక పళ్లెం పెట్టగానే ఆ బల్ల దగ్గరున్న ముగ్గురూ లేచారు.

ఒకరికి ఫోనొచ్చింది. ఒకరికి కడుపు నిండింది. మూడో అమ్మాయి శ్రేయ సాకు కూడా వెతుక్కోలేదు.

కరీంనగర్ హాస్టల్లో చేరిన మొదటి వారం అందరూ దీపికతో కలిసే తిన్నారు. తర్వాత ఎవరో ఇంటిపేరు అడిగారు. చెప్పింది. అప్పటి నుంచి బల్ల మొత్తం ఆమెదే.

వార్డెన్‌కు చెబితే "సర్దుకపోవాలె" అన్నది. చివరికి గుండె చిక్కబట్టుకుని హాస్టళ్లు చూసే జిల్లా సంక్షేమ ఆఫీసుకు ఫోన్ చేసింది. వచ్చి చూస్తామన్నారు. నెలయినా ఎవరూ రాలేదు.

ఆ ఆదివారం పిల్లల కోసం తల్లిదండ్రులు వచ్చారు. పత్తి ఏరే రోజులు, ఆసిఫాబాద్ నుంచి దీపిక వాళ్లమ్మ రాలేకపోయింది. దీపిక వరండా బెంచీ మీద ఒక్కతే కూర్చుంది.

నూలు చీర కట్టుకున్న ఒకామె టిఫిన్ డబ్బాతో వచ్చి పక్కన కూర్చుంది. ఎవరో పిల్ల తల్లి కాబోలు.

"ఒక్కదానివే కూసున్నవేంది బిడ్డా? తిన్నవా?"

"తిన్న పెద్దమ్మా."

"అయితేంది, జర గీ సర్వపిండి తిను."

తుంచి సగం దీపిక చేతిలో పెట్టి, మిగతా సగం తాను తినసాగింది.

దీపికకు ఏడుపొచ్చినంత పనైంది. పక్కన కూర్చుని ఒక మనిషి తిని ఎన్నాళ్లయిందో.

"మీ ఇంటిపేరేంది బిడ్డా?"

ఈమె కూడానా? నిజం చెబితే లేచిపోతుంది. ఇంకొంచెంసేపు కూర్చుంటే చాలు.

దీపిక గబుక్కున శ్రేయ ఇంటిపేరు చెప్పేసింది.

ఆమె ముఖం ఎందుకో చిన్నబోయింది.

"గీడ ఎవ్వరినన్న దూరం పెడుతరా? పక్కకు కూసోనియ్యకపోవుడు, గట్లాంటివి?"

శ్రేయ ఇంటిపేరు పెట్టుకున్నాక ఇంకేం చెబుతుంది?

"లే పెద్దమ్మా. అందరం కలిసే తింటం."

ఆమె డబ్బా దీపిక ఒళ్లో పెట్టి, తల నిమిరి వెళ్లిపోయింది.

ఆ నిమిరిన చేతితో దీపికకు ఎక్కడలేని ధైర్యమొచ్చింది. మర్నాడు మళ్లీ ఆఫీసుకు ఫోన్ చేసింది.

"నేను ఫిర్యాదు చేసి నెలాయె సార్. ఎవ్వరు రాకపాయిరి."

"రాకపోవుడేంది?" అన్నాడు అవతల గుమాస్తా. "నువ్వు పేరు చెప్పనంటివి, ఇంటిపేరొక్కటే చెప్తివి. నీ సంగతి బయటవడొద్దని నిన్న మా ఆఫీసర్ మేడమే మామూలు మనిషి లెక్క వచ్చిండ్లు. గా ఇంటిపేరు పిల్ల దొరకలే. అందరు కలిసే తింటున్నరని వరండాల సర్వపిండి తిన్న పిల్లనే చెప్పిందట, అబద్ధపు ఫిర్యాదని ఫైలు మూసేసిండ్లు."