పన్నెండో సంతకం

"పదకొండు సంతకాలు అయిపోయాయి మేడం. మీదొక్కటే బాకీ," అంటూ కౌశల్ కాగితం ముందుకు జరిపాడు.

యలహంకలోని ఆ పన్నెండు ఫ్లాట్ల భవనానికి అతడు కార్యదర్శి. బోరు ఎండిపోయింది, ట్యాంకరు నీళ్లతో నెట్టుకొస్తున్నారు. కొత్త బోరు వేయాలంటే అందరూ ఒప్పుకోవాలన్నది సంఘం నియమం. కింది అంతస్తులోని రిటైర్డ్ కెమిస్ట్రీ టీచరు ప్రేమకుమారి మాత్రం కలం ముట్టలేదు.

"వెయ్యి అడుగుల నీళ్లు పదేళ్లలో తాగేశాం. ఇప్పుడెంత లోతు?"

"పదిహేను వందలు."

"అదీ అయిపోతే?"

"రెండు వేలకు పోదాం. మెషీన్లు ఉన్నాయి కదా!"

"అలాగే పోతే భూమికి అవతలి పక్క తేలతారు. అక్కడివాళ్ల సంతకాలు కూడా తీసుకుంటావా?"

కౌశల్ ముఖం మాడిపోయింది. "మీరు ప్రతి మీటింగులో చెప్పేటట్టు వానను నమ్ముకుని బెంగళూరులో ఎవరైనా బతుకుతారా? రుజువు చూపించండి, సంతకం అడగను."

"చూసేవాడికి కదయ్యా చూపించేది!"

"మీకు నీళ్ల విలువ తెలియడం లేదు. తెలిసేలా చేస్తాం."

"చెయ్యండి. సంతకం మాత్రం పెట్టను."

ఆ సాయంత్రమే అతడు ప్లంబరు గంగన్నను పిలిచాడు. "ఒకటో నంబరు ఫ్లాటు వాల్వు మూసెయ్."

గంగన్న వెళ్లి చూసి వచ్చాడు. "మూసే ఉండాది సార్."

"గట్టిగానా?"

"ఎవరు తిప్పినా తిరగదు."

రెండు రోజుల్లో ఆమె దిగివస్తుందనుకున్నాడు కౌశల్. రాలేదు. మూడో రోజు, మిద్దె మీంచి పెరట్లోకి దిగే లావుపాటి పైపుకు కట్టిన దండెం మీద ఉతికిన చీరలు ఆరుతున్నాయి. ఐదో రోజు కరివేపాకు మొక్క చిగురు తొడిగింది. ఎనిమిదో రోజు ట్యాంకరు రాలేదు. పై అంతస్తులవాళ్లు ఖాళీ బిందెలతో మెట్ల మీద కూలబడి ఉంటే, ప్రేమకుమారి పెరట్లో ఆ పైపు దిగే నేలతొట్టి సిమెంటు మూత మీద కుర్చీ వేసుకుని, తలంటుకున్న జుట్టు ఆరబెట్టుకుంటోంది.

"ఏమయ్యా, నీళ్ల విలువ నాకింకా తెలియలేదే!" అంది.

కౌశల్ భగ్గుమన్నాడు. గంగన్నను రెక్క పట్టుకుని వాల్వు దగ్గరకు లాక్కెళ్లాడు. అది తుప్పు పట్టి, సాలెగూడు కప్పుకుని, బిగుసుకుపోయి ఉంది.

"దొంగ కనెక్షన్ ఇచ్చావు కదూ? ఎనిమిది రోజులుగా ఈమెకు నీళ్లెక్కడివి?"

గంగన్న తెల్లబోయి చూశాడు.

"ఎనిమిది రోజులేందప్పా, ఆయమ్మ దాన్ని మూయించి రెండేండ్లాయె."