రెప్ప కొట్టని దీపాలు

ఆ అపార్టుమెంటులో కరెంటు పోయిందన్న సంగతి ఎవరికీ తెలియదు. లైను ఆగిన క్షణంలోనే, గోడ అవతలి పేటలో ఇంటింటా ఉన్న బ్యాటరీలు తమ ఇళ్లను వదిలి ఈ మేడకు కరెంటు పంపుతాయి; ఇక్కడ వాడగా మిగిలితేనే పేటకు. వాటిని ఉచితంగా ఇచ్చిననాడు పెట్టిన షరతు అది.

శర్వాణిగారింట్లో పిండి రుబ్బుతున్న పైడితల్లికి పేట పిల్లల “పోయిందోయ్!” కేక వినిపించింది. గ్రైండరు తడబడనైనా లేదు. అక్కడ తన తండ్రికి ఊపిరందించే యంత్రం మాత్రం ఆగిపోయి ఉంటుంది. ఆమె పరుగున వెళ్లి శర్వాణిగారింటి మెయిన్ స్విచ్ దించేసింది.

“మతి పోయిందా నీకు?” అని శర్వాణిగారు మండిపడ్డారు.

“మా అయ్యకి ఊపిరాడదమ్మగోరూ. కాసేపు ఉక్క ఓర్చుకోండి.”

“మా ఒక్క ఇల్లు ఆపితే మీ పేటకి కరెంటొచ్చేస్తుందేమిటే?”

“రాదమ్మా,” అంటూనే పైడితల్లి పిండి చేతులతో బయటికి నడిచి, పక్క ఫ్లాటు తలుపు దబదబా బాదింది.