ఏదుపందికి రాని పిలుపు

ఇప్పతోపు మాదంటే మాదని ఎలుగులూ అడవిపందులూ యుద్ధానికి దిగితే అడవంతా రెండుగా చీలింది. గుట్ట మీది ఏదుపందుల పెద్ద కొర్రయ్య మాత్రం, "మనం ఎవరి పక్షమూ కాదు" అని తీర్మానించాడు. రెండు పక్షాలూ వచ్చి బతిమాలితే ఆ మాట మొహాన చెప్పి పంపుదామని రోజూ పొద్దున్నే బొరియ ముందు కూర్చునేవాడు. కుందేళ్లకు పిలుపొచ్చింది. ఆఖరికి తొండలకూ వచ్చింది. కొర్రయ్యకు రాలేదు.

"మంచిదేగదయ్యా, పిల్లలు ప్రాణాలతో ఉంటారు" అంది పెళ్లాం.

"తొండపాటి చెయ్యనా నేను? మన పెద్దోడి పెళ్లికి ఎలుగులు రానేలేదు. పందులు వచ్చి కూరలో ఉప్పు తక్కువన్నాయి. ముళ్లు నూరండ్రా!"

"ఎవరి మీదికయ్యా?"

"ముందు ఎవరు ఎదురైతే వాళ్ల మీదికే!"

నలభైమంది గుట్ట దిగితే పదకొండుమంది తిరిగొచ్చారు. పెద్దోడు రాలేదు. తొక్కిసలాటలో తోపు కాస్తా నేలమట్టమైంది. ఇక కొట్టుకోవడానికేమీ మిగలక రెండు పక్షాలూ రాజీపడ్డాయి. ఎలుగుపెద్దా పందిపెద్దా స్వయంగా గుట్టెక్కి, "రాజీ విందుకు నువ్వు రావాలి మావా" అని చేతులు పట్టుకున్నారు.

కొర్రయ్య మొహం వెలిగిపోయింది. మీసం సవరించుకుని, ఇన్నాళ్లూ దాచుకున్న మాట అననే అన్నాడు.

"మేము ఎవరి పక్షమూ కాదు."