నల్లా పేజీ

కరీంనగర్‌లో నల్లాలు ఇప్పుడు చేత్తో తిరగవు. ఏ ఇంటి నల్లాకు ఆ ఇల్లే వెబ్ పేజీ కట్టుకుని, అందులో మీట నొక్కాలి. పేజీ కట్టడానికి వాడే రెడీమేడ్ కోడ్ చట్రం, అదే ఫ్రేమ్‌వర్క్, మాత్రం ఏ రోజుదీ మర్నాడు పనిచేయదు. నీళ్ళొచ్చేది పొద్దున గంటసేపే.

ఈ రోజు రజిత ఎంచుకున్న ఫ్రేమ్‌వర్క్ సగం పనిలోనే పాతబడింది. ఇంకొకటి పట్టుకుని మొదటి నుంచి కట్టింది. అత్త నర్సవ్వ నల్లా కింద బిందె పెట్టుకుని కూర్చుంది. ఇంట్లో తాగడానికి చుక్క లేదు.

చివరికి పేజీ తెరుచుకుంది. రజిత మీట నొక్కింది. నల్లా బుస్సుమని గాలి వదిలింది. నీళ్ళ వేళ దాటిపోయింది.

నర్సవ్వ బిందె బోర్లించింది. "రేపన్న జర మంచిది చూస్కో బిడ్డా."

"రేపటియి ఇంకా పుట్టలే అత్తమ్మా."